ఇంట్లో డే కేర్ పెడుతున్నారా? నెల ఫీజు ఇలా లెక్కకట్టండి

"అక్కా, ఇంట్లోనే డే కేర్ మొదలుపెడుతున్నాను. ఫీజు ఎంత పెట్టమంటారు?" ఈ ప్రశ్న నన్ను వారానికి ఒకరిద్దరైనా అడుగుతారు. అందరికీ కావలసింది ఒక అంకె. నేను అంకె చెప్పను. నిజాంపేటలో అద్దె ఫ్లాట్‌లో పెట్టేవాళ్ళకీ, మంగళగిరిలో సొంత ఇంట్లో పెట్టేవాళ్ళకీ ఒకే అంకె సరిపోదు. కానీ లెక్క వేసే పద్ధతి ఇద్దరికీ ఒకటే. అది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

ముందు ఒక సంగతి చెప్పాలి. నేను మొదలుపెట్టినప్పుడు ఏ లెక్కా వేయలేదు. పక్క అపార్ట్‌మెంట్‌లో 4,500 తీసుకుంటున్నారని విని నేను 4,000 పెట్టాను. ఆరు నెలల్లో పదకొండు మంది పిల్లలయ్యారు. అద్దె కట్టి, ఆయమ్మకి జీతం ఇచ్చి, మిగతా ఖర్చులు తీసేస్తే నా చేతికి అయిదారు వేలు మిగిలేవి. ఇంకాస్త మిగలాలంటే ఇంకో ఇద్దరిని చేర్చుకోవాలి అనుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఇద్దరు పసివాళ్ళు ఒకేసారి గుక్కపట్టి ఏడిస్తే నేనొకరిని, ఆయమ్మ ఒకరిని ఎత్తుకున్నాం. అంతకుముందే కొరియర్ అబ్బాయి కోసం తీసిన తలుపు సరిగ్గా పడలేదు. రెండేళ్ళ పాప బయటికి నడిచి మెట్ల దాకా వెళ్ళిపోయింది. ఎదురింటి ఆవిడ ఎత్తుకొచ్చి ఇచ్చేదాకా మాకు తెలియనే లేదు. పాపకి దెబ్బ తగల్లేదు. సాయంత్రం వాళ్ళమ్మకి జరిగింది చెప్పడానికి మాత్రం నాకు నోరు పెగల్లేదు, అయినా చెప్పాను.

తలుపు గొళ్ళెం మర్నాడే మార్చాను. ఫీజు మార్చడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఇద్దరు మనుషులు చూడగలిగినదానికంటే ఎక్కువ మంది పిల్లల్ని నేను పెట్టుకున్నది ఆ ఫీజు చాలకే. అందుకే ఈ లెక్కలో ముందు పిల్లల సంఖ్య వస్తుంది, తర్వాత ఖర్చులు, ఆ తర్వాత ధర. ఈ వరుస తిరగెయ్యకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు. కనీసం ఒక వేసవి నెలది, ఒక చలికాలం నెలది.
- అద్దె, మెయింటెనెన్స్ వివరాలు.
- ఆయమ్మతో మాట్లాడుకున్న జీతం. ఇంకా మాట్లాడకపోతే మీ వీధిలో ఇద్దరు ముగ్గురిని అడిగిన అంకె.
- ఇప్పటిదాకా కొన్నవాటి, కొనబోయేవాటి జాబితా: చాపలు, చిన్న పరుపులు, ఊయల, బొమ్మలు, తలుపు గేటు, సీసీ కెమెరా, మందుల పెట్టె.
- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకునే అలవాటుంటే అదీ సరే, కానీ రాయాలి.

ఇంటి ఓనరు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకున్నాకే లెక్కకి కూర్చోండి. కొన్నిచోట్ల నెలకి అదనపు మెయింటెనెన్స్ అడుగుతారు. అది ముందే తెలిస్తే ఖర్చులో రాసుకోవచ్చు.

1. ఎంతమందిని చూడగలరో తేల్చుకోండి

పిల్లల తలలు లెక్కపెడితే కుదరదు. ఎనిమిది నెలల బాబుకీ, స్కూలు నుంచి వచ్చి హోంవర్కు చేసుకునే ఆరేళ్ళ పాపకీ పట్టే శ్రమ ఒకటి కాదు. నేను 'సీటు' లెక్క వాడతాను:

- ఏడాదిన్నర లోపు పసివాళ్ళు: ఒకటిన్నర సీటు
- ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ళ దాకా, నడిచే పిల్లలు: ఒక సీటు
- స్కూలు అయ్యాక మధ్యాహ్నం వచ్చే పిల్లలు: అర సీటు

మీరూ, ఒక ఆయమ్మా, ఒక హాలూ, ఒక పడకగదీ ఉంటే నా సలహా తొమ్మిది సీట్లు. అంటే ఇద్దరు పసివాళ్ళు, ఆరుగురు నడిచే పిల్లలు. ఇది నా అనుభవంలో తేలిన హద్దు. మీ ఇల్లు ఇరుకైతే తగ్గించండి, పెంచొద్దు. ఆయమ్మ లేకుండా ఒక్కరే మొదలుపెడితే ముగ్గురు నడిచే పిల్లలకి మించొద్దు. అప్పుడు కూడా పిలిస్తే అయిదు నిమిషాల్లో వచ్చే పెద్ద మనిషి ఎవరైనా దగ్గర్లో ఉండాలి.

పసివాళ్ళని తీసుకోవాలా వద్దా అనేది ఇప్పుడే నిర్ణయించుకోండి. అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు చేశారు. కాబట్టి బిడ్డకి అయిదారు నెలలు వచ్చేసరికి తల్లి ఆఫీసుకి వెళ్ళాలి. ఆ వయసు బిడ్డని చూసుకునే చోటు దొరకడం కష్టం, అందుకే ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతారు. ఆ డబ్బు చూసి ముగ్గురు నలుగురు పసివాళ్ళని తీసుకోకండి. ఏదైనా జరిగి ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే ఒక మనిషి ఇద్దరు పసివాళ్ళని ఎత్తుకుని మెట్లు దిగగలరు. ముగ్గురిని ఎత్తుకోలేరు.

2. నెల ఖర్చులన్నీ రాయండి

హైదరాబాద్‌లో నెలకి 20,000 అద్దె ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకుని ఒక నమూనా వేస్తున్నాను. అంకెలు మీవి పెట్టుకోండి.

- అద్దెలో డే కేర్ వాటా, నలభై శాతం: 8,000
- ఆయమ్మ జీతం 12,000, దసరాకి ఇచ్చే ఒక నెల బోనస్‌ని పన్నెండు నెలలకి పంచితే 1,000: మొత్తం 13,000
- పెరిగే కరెంటు బిల్లు, ఏడాది సగటు: 1,800
- గ్యాస్, నీళ్ళ క్యాన్లు: 1,200
- ఫినాయిల్, సబ్బు, టిష్యూలు, చాపల ఉతుకు: 1,500
- మొదట పెట్టిన 60,000ని రెండేళ్ళకి పంచితే: 2,500
- ఇంటర్నెట్, ఫోన్, చిల్లర ఖర్చులు: 1,000
- ఆయమ్మ రాని రోజు ఇంకొకరిని పిలిస్తే ఇవ్వడానికి పక్కన పెట్టేది: 1,000

మొత్తం 30,000.

ఇందులో జనం వదిలేసేవి మూడు. మొదటిది బోనస్. ఆయమ్మ అడగకపోయినా ఇవ్వాల్సిందే. మీ డే కేర్ నిలబడేది ఆవిడ మీదే. రెండోది వేసవి కరెంటు. జనవరి బిల్లు చూసి లెక్కేసుకుంటే ఏప్రిల్, మేలో రోజంతా ఏసీ తిరిగినప్పుడు గుండె గుభేలుమంటుంది. మూడోది మొదట్లో పెట్టిన డబ్బు. 'అది మా ఆయన ఇచ్చారు', 'గాజులు పెట్టి తెచ్చాను' అని లెక్కలోంచి తీసేస్తారు. బొమ్మలు విరుగుతాయి, పరుపులు తడిసి పాడవుతాయి, రెండేళ్ళకి మళ్ళీ కొనాలి. ఆ డబ్బు ఫీజులోంచే రావాలి.

సొంత ఇల్లయితే అద్దె సున్నా అని రాయకండి. అదే గది అద్దెకిస్తే ఎంత వస్తుందో అందులో సగమైనా వేయండి. గోడల మీద రంగు పెన్సిళ్ళ గీతలకి రెండేళ్ళకోసారి సున్నమో రంగో వేయించక తప్పదు.

3. మీ జీతం రాయండి

చాలామంది ఆడవాళ్ళు కలం ఆపేసేది ఇక్కడే. 'మిగిలింది నాది' అంటారు. అలా అనుకుంటే నెలాఖరుకి ఏమీ మిగలదు, ఎందుకు మిగల్లేదో కూడా తెలియదు. మీ జీతం కూడా ఒక ఖర్చే. అద్దెలాగా, కరెంటులాగా ముందే రాయండి.

నమూనాలో 20,000 అనుకుందాం. ఎక్కువనిపిస్తుందా? గంటల్లో చూడండి. ఉదయం ఎనిమిదికి తుడవడంతో మొదలై రాత్రి ఏడుకి సర్దడంతో ముగిస్తే పదకొండు గంటలు. నెలకి 22 పనిదినాలు. 242 గంటలు. గంటకి 83 రూపాయలు కూడా పూర్తిగా పడటం లేదు. ఇంత చిన్న అంకె రాసుకోవడానికి మొహమాటపడకండి.

4. భాగించండి, కానీ మొత్తం సీట్లతో కాదు

ఖర్చు 30,000, జీతం 20,000, మొత్తం 50,000. దీన్ని తొమ్మిదితో భాగిస్తే 5,556 వస్తుంది. కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇదే. తొమ్మిది సీట్లూ పన్నెండు నెలలూ నిండి ఉండవు. ఒకరు స్కూల్లో చేరతారు, ఒకరి నాన్నకి బెంగళూరు బదిలీ అవుతుంది, ఒకరింటికి నానమ్మ వస్తుంది. ముప్పావు వంతు మాత్రమే నిండుతాయని లెక్క వేయండి.

తొమ్మిదిలో ముప్పావు వంతు 6.75. 50,000ని 6.75తో భాగిస్తే 7,407. దాన్ని 7,500 చేయండి. ఒక సీటు ధర అది.

- నడిచే పిల్లలకి నెలకి 7,500
- పసివాళ్ళకి ఒకటిన్నర రెట్లు, 11,250
- స్కూలు తర్వాత వచ్చేవాళ్ళకి సగం, 3,750

సరిచూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఖర్చు 30,000ని సీటు ధర 7,500తో భాగించండి. నాలుగు వస్తుంది. నలుగురు నడిచే పిల్లలు ఉన్నంతవరకు మీరు ఊరికే పనిచేస్తున్నట్టు. అయిదో సీటు నుంచి మీ జీతం మొదలవుతుంది. ఈ అంకె మీ మొత్తం సీట్లలో సగం దాటితే ఆ ఖర్చులతో ఆ ఇంట్లో డే కేర్ నడవదు. ధర పెరగాలి, లేదా అద్దె తగ్గాలి. సీట్లు పెంచడం మాత్రం దారి కాదు.

మొదటి రెండు మూడు నెలలు ఇద్దరు ముగ్గురే ఉంటారు. ఆయమ్మకి పూర్తి జీతం ఇచ్చే స్తోమత లేకపోతే నాలుగో బిడ్డ చేరేదాకా ఆవిడని పూటకే పెట్టుకోండి. మూడు నెలల అద్దె వాటా చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి.

5. ఇప్పుడు చుట్టుపక్కల ధరలు కనుక్కోండి

మీ లెక్క తేలాకే ఈ పని చేయమంటున్నాను. ముందే కనుక్కుంటే ఆ అంకె మనసులో కూర్చుంటుంది, మీ ఖర్చులు దానికి తగ్గట్టు కుదించుకుంటారు. నేను చేసింది అదే.

నడిచి వెళ్ళగలిగే దూరంలో నాలుగైదు డే కేర్లు చూడండి. తల్లిలా నటించి ఫోన్ చేయకండి. నేరుగా వెళ్ళి, 'నేనూ మొదలుపెడుతున్నానండీ' అని చెప్పండి. సీట్లు నిండినవాళ్ళు తమ దగ్గరికి వచ్చి తిరిగిపోయేవాళ్ళని మీ దగ్గరికి పంపుతారు. నాకు మొదటి ఇద్దరు పిల్లలు అలాగే వచ్చారు.

అడగాల్సినవి: ఎన్ని గంటలు, శనివారం ఉందా, భోజనం కలిపా విడిగానా, అడ్మిషన్ ఫీజు ఎంత, ఏడాదికోసారి తీసుకునేది ఏమైనా ఉందా, ఎంతమంది పిల్లలకి ఎంతమంది మనుషులు. చివరి ప్రశ్నకి జవాబు లేకుండా ధరలు పోల్చకండి. పదిహేను మందికి ఒక ఆయా ఉన్నచోట 5,000, మీ దగ్గర ఎనిమిది మందికి ఇద్దరు ఉంటే 7,500. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాల్సినవి కావు.

ఇంకో అంకె కూడా కనుక్కోండి. మీ ఏరియాలో ఇంటికి వచ్చి రోజంతా బిడ్డని చూసే ఆయా ఎంత తీసుకుంటారు? పసివాళ్ళ ఫీజుకి అదే పైహద్దు. దాన్ని దాటితే తల్లిదండ్రులు ఆయానే పెట్టుకుంటారు.

మీ లెక్క ఏరియా ధరకంటే వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ వస్తే భయపడకండి. మూడు వేలు ఎక్కువ వస్తే మళ్ళీ రెండో మెట్టుకి వెళ్ళి అద్దె దగ్గర ఆగండి, సమస్య సాధారణంగా అక్కడే ఉంటుంది. మీ లెక్కే తక్కువ వస్తే ఏదో ఖర్చు మర్చిపోయారని అర్థం.

6. పూట, రోజు, గంట

సగం రోజుకి సగం ఫీజు పెట్టకండి. మధ్యాహ్నం దాకా ఒకరు, మధ్యాహ్నం నుంచి ఇంకొకరు సరిగ్గా కుదరడం అరుదు. మిగతా సగం ఖాళీగానే పోతుంది. అయిదు గంటలకి మూడింట రెండు వంతులు తీసుకోండి. నమూనాలో అది 5,000.

'ఈ ఒక్కరోజుకి ఉంచుకోండి' అనేవాళ్ళు ఉంటారు. 7,500ని 22తో భాగిస్తే 341 వస్తుంది. ఒక్కరోజుకి 500 తీసుకోండి, అదీ మీకు ముందే తెలిసిన, వివరాలన్నీ రాసిచ్చిన పిల్లలకే. ముఖం తెలియని బిడ్డకి అలర్జీ ఏముందో, ఎవరు తీసుకెళ్ళడానికి వస్తారో తెలియకుండా ఉంచుకోవద్దు. గంటల లెక్కన అసలే వద్దు. వచ్చేపోయేవాళ్ళకి తలుపు తీయడంతోనే రోజు గడుస్తుంది, రోజూ ఉండే పిల్లల నిద్ర చెడుతుంది.

వేసవి సెలవులకి ధర ముందే రాసుకోండి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా స్కూలు పిల్లలు పూటకి బదులు రోజంతా ఉంటారు. అర సీటు ఒక సీటవుతుంది. ఫీజు కూడా అలాగే మారాలి, సీట్ల హద్దు కూడా మళ్ళీ చూసుకోవాలి.

7. తిండి విడిగా

నెల ఫీజులో భోజనం కలపకండి. కూరగాయలు, పాల ధరలు పెరిగిన ప్రతిసారీ మీ జీతంలోంచి పోతుంది. ఒక బిడ్డకి రోజుకి ఏం పెడతారో రాయండి: పప్పన్నం లేదా కిచిడీ, ఉడికించిన గుడ్డు, అరటిపండు, సాయంత్రం పాలు, ఇడ్లీయో ఉప్మానో. సరుకులకి 60 రూపాయలు అయితే 22 రోజులకి 1,320. గ్యాసుకీ, వంట శ్రమకీ మూడో వంతు కలిపితే 1,760. 1,800 పెట్టండి. వద్దనుకునేవాళ్ళు బాక్సు పంపుకోవచ్చు.

ఏడాది లోపు పిల్లల తిండి ఇంటి నుంచే రావాలి. రాగి జావ, ఉగ్గు, పిండిన తల్లిపాలు, ఏదైనా సరే తల్లి పంపినదే, తల్లి చెప్పిన వేళకే. డబ్బు కోసం ఈ నియమం సడలించకండి.

8. ఫీజు చుట్టూ ఉండే నియమాలు

నెల ఫీజు సరిగ్గా పెట్టినా కింది నాలుగు సంగతులు వదిలేస్తే డబ్బు కారిపోతూనే ఉంటుంది. టెన్షన్ కూడా ఎక్కువగా వీటివల్లే.

ఆలస్యం. సాయంత్రం 6:30కి రావాల్సిన తండ్రి మీటింగ్‌లో ఇరుక్కుంటాడు, తర్వాత ట్రాఫిక్‌లో. వానాకాలంలో హైటెక్ సిటీ నుంచి బయటపడటానికే గంట. వాళ్ళ తప్పు లేకపోవచ్చు, అయినా మీ ఆయమ్మ ఇంటికి వెళ్ళాలి, ఆవిడకీ పిల్లలున్నారు. పదిహేను నిమిషాలు ఊరికే, ఆ తర్వాత ప్రతి అరగంటకి 150 తీసుకోండి. అందులో సగం ఆగిన ఆయమ్మకి ఇవ్వండి. నేను ఈ నియమం పెట్టిన నెలలోనే ఆలస్యాలు సగానికి తగ్గాయి. తేదీ, సమయం పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోండి, లేకపోతే నెలాఖరులో 'అన్నిసార్లు ఎక్కడ అండీ?' అంటారు.

రాని రోజులు. బిడ్డకి జ్వరం వచ్చి వారం రాకపోతే, సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులు ఉంటే ఫీజు తగ్గించమంటారు. తగ్గించకండి. అద్దె, జీతాలు ఆ పది రోజులూ నడుస్తూనే ఉంటాయి. ఈ నియమంతో ఒక చిక్కు కూడా ఉంది, కట్టిన డబ్బు పోతుందని జబ్బుతోనే పంపేస్తారు. అందుకే ఒక సడలింపు నేనే ఇస్తాను. అంటుజబ్బుతో వరుసగా అయిదు పనిదినాలు దాటి ఇంట్లో ఉంచితే ఆ నెల తిండి డబ్బు పూర్తిగా వదిలేస్తాను. ఇలా చేస్తే జ్వరం మందు వేసి దొంగచాటుగా పంపడం తగ్గుతుంది.

అమ్మమ్మ నెలలు. ఇది మన దగ్గర తప్పకుండా వచ్చేదే. ఊరి నుంచి అమ్మమ్మో నానమ్మో వచ్చి రెండు మూడు నెలలు ఉంటారు, బిడ్డని మానిపిస్తారు, ఆవిడ వెళ్ళగానే 'మళ్ళీ పంపుతాం' అంటారు. మీరు సీటు ఖాళీగా ఉంచితే నష్టం, ఇచ్చేస్తే మనస్పర్ధ. సగం ఫీజు కడితే రెండు నెలల దాకా సీటు ఉంచుతానని ముందే రాసిపెట్టండి. కట్టకపోతే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారన్నమాట, ఎవరికీ కోపం రాదు.

అడ్వాన్సు, గడువు. ఎక్కువమందికి జీతాలు నెలాఖరున లేదా ఒకటో తేదీన పడతాయి. ఫీజు అయిదో తేదీ లోపు, ఆ నెలకి ముందుగానే తీసుకోండి. చేరేటప్పుడు ఒక నెల ఫీజు డిపాజిట్‌గా పెట్టించుకోండి. మానేసే ముందు నెల రోజులు చెబితే తిరిగివ్వండి. అడ్మిషన్ ఫీజు 3,000 చాలు. బిడ్డ అలవాటుపడే మొదటి వారంలో మీకు పట్టే అదనపు శ్రమకీ, పరుపుకీ, డబ్బాకీ అది సరిపోతుంది. మంచిరోజు చూసుకుని ఇరవయ్యో తేదీన చేరితే మిగిలిన పనిదినాలకే తీసుకోండి. ఆషాఢం అయ్యాక చేరుస్తామనేవాళ్ళకి డిపాజిట్ కట్టాకే సీటు ఆపండి.

9. ఒక్క పేజీలో రాసి చేతికివ్వండి

ధరలు, వేళలు, నియమాలు, సెలవుల జాబితా అన్నీ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒకే పేజీ. రెండు కాపీలు, ఇద్దరి సంతకాలు. వాట్సాప్‌లో ఫోటో పంపండి, కానీ కాగితం కూడా ఉండాలి.

ప్రతి నెలా రసీదు ఇవ్వండి. కొన్ని కంపెనీలు ఉద్యోగులకి డే కేర్ ఖర్చు తిరిగిస్తాయి. చట్టం ప్రకారం యాభై మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు క్రెష్, అంటే ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు, సదుపాయం కల్పించాలి కూడా. 'మీ ఆఫీసులో ఏమైనా ఇస్తారా, హెచ్‌ఆర్‌ని అడగండి' అని మీరే గుర్తుచేయండి. మీ డే కేర్ పేరుతో ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకోండి, ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. ఫీజు కోసం వేరే బ్యాంకు ఖాతా, దానికే యూపీఐ. జీఎస్టీ గురించి చాలామంది భయపడతారు. మన రెండు రాష్ట్రాల్లో సేవలకి ఏడాది వసూళ్ళు 20 లక్షలు దాటితేనే ఆ ప్రశ్న వస్తుంది. మన నమూనాలో తొమ్మిది సీట్లూ నిండినా 8 లక్షల పైచిలుకే.

10. ధర చెప్పేటప్పుడు

ఇల్లు చూపించాక చెప్పండి, ఫోన్‌లో మొదటి మాటగా వద్దు. వాళ్ళు పిల్లలు పడుకునే చోటు, తలుపు గేటు, ఆయమ్మని చూడాలి. అంకె చెప్పాక ఆగిపోండి. 'కొంచెం ఎక్కువే అనుకోండి, కానీ...' అని మీరే తగ్గించడం మొదలుపెట్టకండి.

ఇలా అంటారు: "అక్కా, పక్క వీధిలో 5,000కే చూస్తున్నారట కదా."

ఇలా చెప్పండి: "అవునమ్మా, తెలుసు. వెళ్ళి చూసి రండి. ఎంతమందికి ఎంతమంది చూసుకుంటున్నారో అడగండి. నా దగ్గర ఎనిమిది మందికి ఇద్దరం ఉంటాం, అంతకంటే ఎక్కువ తీసుకోను. అందుకే ఈ ఫీజు."

పక్కవాళ్ళ గురించి చెడు మాట ఒక్కటీ వద్దు. ఆ తల్లి అక్కడే చేర్చినా మళ్ళీ మీ గడప తొక్కగలిగేలా ఉండాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదట్లో తక్కువ పెట్టి తర్వాత పెంచుదాం అనుకోవడం. 4,000కి చేరినవాళ్ళు 7,500 ఇవ్వరు, మానేస్తారు. నేను పెంచినప్పుడు పదకొండు మందిలో అయిదుగురు వెళ్ళిపోయారు. ఆఫర్ ఇవ్వాలనుకుంటే మొదటి ముగ్గురికి అడ్మిషన్ ఫీజు వదిలేయండి, నెల ఫీజు ముట్టుకోవద్దు.

చుట్టాలు, స్నేహితులు. వదిన వాళ్ళ పాపకి ఫీజు ఎలా అడుగుతాం అంటారు. అడగాలి. అడ్మిషన్ ఫీజు, డిపాజిట్ వద్దనండి, నెల ఫీజు మాత్రం అందరితో సమానం. ఒకరికి తగ్గించిన సంగతి వారంలో అందరికీ తెలిసిపోతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇద్దరినీ పంపేవాళ్ళకి రెండో బిడ్డకి పది శాతం తగ్గించడం న్యాయమే, ఆ సంగతి పేజీలో రాసి ఉండాలి.

ఏడాది ఫీజు ఒకేసారి తీసుకోవడం. చేతికి డబ్బు వస్తుంది, ఖర్చయిపోతుంది, నాలుగో నెలలో వాళ్ళు మానేస్తే తిరిగివ్వడానికి ఉండదు. మూడు నెలలకి మించి ముందుగా తీసుకోకండి.

సీటు ఖాళీగా ఉందని పసివాళ్ళని ఒక సీటు ధరకే తీసుకోవడం కూడా పొరపాటే. ఒకటిన్నర సీటు నిండిపోతుంది, ఒక సీటు డబ్బే వస్తుంది.

మూడు నెలలకి సరిచూసుకోవడం

నోటుబుక్కు తీయండి. నాలుగు చూడాలి.

అడిగినవాళ్ళెంతమంది, చేరినవాళ్ళెంతమంది? ఇల్లు చూసిన పదిమందిలో నలుగురైదుగురు చేరితే ధర సరిగ్గా ఉన్నట్టు. పదిమందీ బేరం ఆడకుండా చేరిపోతే తక్కువ పెట్టారు. ఒక్కరే చేరితే మిగతావాళ్ళకి ఫోన్ చేసి కారణం అడగండి. ఫీజు అని అందరూ అనరు. శనివారం లేదనో, లిఫ్ట్ లేదనో కూడా అంటారు. అప్పుడు మార్చాల్సింది ఫీజు కాదు.

మీ జీతం మీ సొంత ఖాతాలోకి నెలనెలా వెళ్ళిందా? మొదటి నెల వెళ్ళకపోయినా పర్వాలేదు. సీట్లు ముప్పావు వంతు నిండాక కూడా వెళ్ళకపోతే రెండో మెట్టులో ఏదో ఖర్చు తప్పింది. మూడు నెలల బిల్లులు తీసి అసలు అంకెలతో మళ్ళీ వేయండి.

పదో తేదీకి ఎంతమంది బాకీ? ఇద్దరు దాటితే మీరు అడగడానికి మొహమాటపడుతున్నారు. అయిదో తేదీ ఉదయం అందరికీ ఒకే మెసేజ్ పంపే అలవాటు చేసుకోండి.

సాయంత్రం అయ్యేసరికి మీరూ ఆయమ్మా ఎలా ఉన్నారు? ఇది డబ్బు లెక్క కాదనిపిస్తుంది, కానీ నేను ముందు చూసేది ఇదే. పిల్లల మీద గొంతు పెరుగుతోందంటే సీట్లు ఎక్కువైనట్టు. ఒకటి తగ్గించి ధర మళ్ళీ లెక్కేయండి.

తర్వాత ఏడాదికోసారి, జూన్ నుంచి, ఎనిమిది పది శాతం పెంచండి. రెండు నెలల ముందే చెప్పాలి. ఏప్రిల్ ఒకటిన నేను పంపే మెసేజ్ ఇది, కావాలంటే వాడుకోండి: "నమస్తే అండీ. జూన్ నుంచి నెల ఫీజు 7,500 నుంచి 8,200 అవుతుంది. ఆయమ్మ జీతం, అద్దె పెరిగాయి. పిల్లల సంఖ్య ఎనిమిది దాటదు. మానేయాలనుకుంటే మే ఒకటి లోపు చెప్పండి, డిపాజిట్ తిరిగిచ్చేస్తాను." మెసేజ్ పంపిన రోజు సాయంత్రం బిడ్డని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ప్రతి ఒక్కరితో రెండు నిమిషాలు నిలబడి మాట్లాడండి. సీటు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ ఫోన్ నంబర్లు ఆ నోటుబుక్కు చివరి పేజీలో ఉంచుకోండి.